పన్నెండు మంది టైల్స్‌వాళ్లు

పోయినేడు వానాకాలంలో నేను నా కూతురికి వరసగా ఏడు రోజులు అబద్ధం చెప్పాను. ఎదురుగా కడుతున్న మార్కెట్లో టైల్స్ పనివాళ్లు పన్నెండు మంది రోజూ నా మెస్సుకొచ్చి రొట్టెలు తిని పోతున్నారని చెప్పాను. వాళ్లలో ఒక్కడి మొహం కూడా నేను చూడలేదు. ఎందుకంటే అలాంటివాళ్లు లేరు.

నన్ను తిట్టుకునే ముందు సంగతి వినండి.

కడోదరా నుంచి జోల్వా వెళ్లే దారిలో ఒక రేకుల షెడ్డు కింద మెస్సు నడుపుతాను. పెళ్లయి సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చినప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. నా భర్త అంబదాస్ అప్పటికే మరమగ్గాల మీద ఉన్నాడు. మా భాషలో వాటిని సాంచాలంటాం. రోజుకి పన్నెండు గంటలు, పన్నెండు సాంచాల మధ్య తిరుగుతూ ఎక్కడ దారం తెగిందా అని చూడటమే ఆయన బతుకు. ఆ చప్పుడు ముందు కుడి చెవిని తినేసింది, తర్వాత ఎడమ చెవిలో సగాన్ని. పోయినేడు మోకాళ్లు కూడా మొరాయించాయి. డ్యూటీ దిగి ఇంటికొచ్చాక గడప దాటడానికి గోడ పట్టుకునేవాడు. ఏమైందయ్యా అంటే ఏం కాలేదనేవాడు. ఆయనకి ఎప్పుడూ ఏం కాదు. రేపు లారీ గుద్దినా ఏం కాలేదనే అంటాడు. ఒళ్లు మండుతుంది నాకు.

అందుకే నాకు ఆ దుకాణం కావాలనిపించింది.

మా షెడ్డుకి ఎదురుగా, రోడ్డుకి అవతల, పెద్ద బట్టల మార్కెట్ లేస్తోంది. సూరత్‌లో బట్టల మార్కెట్లన్నీ ఉన్న రింగ్ రోడ్ మీద ఇక జాగా లేదని, లారీలు తిరగలేక పోతున్నాయని, వ్యాపారమంతా హైవే వైపే వస్తుందని అందరూ అనుకుంటున్న రోజులు. మా దారి పొడుగునా అలాంటివే ఏడు మార్కెట్లు ఒక్కసారి మొదలయ్యాయి. మా ఎదుటిదాంట్లో కింది అంతస్తులో, మెట్ల పక్కన, పద్నాలుగో నంబరు దుకాణం క్యాంటీన్‌కని ఉంచారు. బుకింగ్ ఆఫీసులో కూర్చునే జిగ్నేష్‌భాయ్ మధ్యాహ్నం నా దగ్గరే పప్పన్నం తినేవాడు. దసరా లోపల షెడ్డు ఖాళీ చేసి, దాని డిపాజిట్ తెచ్చి ఇక్కడ కడితే ఆ దుకాణం నీదే బెన్, దీపావళికి మార్కెట్ తెరుస్తాం, అన్నాడు.

దీపావళి తర్వాత అంబదాస్ సాంచాల దగ్గరికి పోడు. గల్లా దగ్గర ఫ్యాను కింద కుర్చీలో కూర్చుంటాడు. నా ఆలోచన ఇంతే, ఇంతకన్నా ఒక్క ముక్క లేదు. కాని ఆ ముక్క నాకు ఎంత రుచిగా ఉండేదో చెప్పలేను. పప్పు తిరగమోత వేస్తూ కూడా ఆ కుర్చీయే కళ్లముందు కనిపించేది. నీలిరంగు కుర్చీ. చేతులున్నది.

కార్ఖానాకి సెలవు రోజున ఆయన్ని తీసుకుపోయి దుకాణం చూపించాను. దుకాణం అంటే నాలుగు స్తంభాలు, పైన స్లాబు, కింద బురద. ఇక్కడ పొయ్యి, ఇక్కడ నీళ్ల డ్రమ్ము, ఇక్కడ నువ్వు అని చేత్తో చూపించాను. ఆయన అక్కడున్న సిమెంటు ఇటుకని కాలితో జరిపి, నేను చూపించిన చోటనే వేసుకుని, దాని మీద కూర్చున్నాడు. వీపు నిటారుగా పెట్టి, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, ఫోటో తీయించుకునేవాడిలాగా. బాగుందా అంటే బాగుందన్నట్టు తలూపాడు. లేచేటప్పుడు మాత్రం నా భుజం పట్టుకోవాల్సి వచ్చింది. ఈ విషయం ఖాయమయ్యేదాకా పిల్లకి చెప్పొద్దన్నాను. సరేనన్నాడు.

పిల్ల అంటే మా ప్రవల్లిక. ఒక్కగానొక్క కూతురు. బీకాం చదివి, సూరత్‌లో ఒక ఆఫీసులో చేరి అప్పటికి ఏడాది. ఊరి చుట్టూ దుకాణాల భవనాలు, ఆఫీసు భవనాలు ఎన్ని లేస్తున్నాయి, లేచినవి నిండుతాయా లేదా, రాబోయే మూడేళ్లు ఈ కట్టుబడి వ్యాపారం ఎలా ఉంటుంది అని అంచనా రాసి బ్యాంకులకి ఇవ్వడం ఆ ఆఫీసు పని. ఆ వానాకాలం మా కడోదరా దారి అంచనా దీని చేతికి ఇచ్చారు. మొదటిసారి కింద తన పేరు వేస్తారట. బూట్లు కొనుక్కుని బురదలో సైట్లన్నీ తిరిగింది.

ఒకరోజు సాయంత్రం ఆ బూట్లు విప్పుతూ విసుక్కుంది. "బిల్డర్లను అడిగితే అందరు దీపావళికే అంటరమ్మా. ఏ దీపావళో మాత్రం చెప్పరు."

తర్వాత నా వైపు తిరిగి, ఏ సైటు నుంచి ఎవరెవరు తినడానికి వస్తున్నారో రోజూ చెప్తావా అని అడిగింది. నేను పొంగిపోయాను. ఇన్నేళ్లుగా గరిటె తిప్పుతున్నా, నాకు తెలిసింది ఏంటని ఒక్కరైనా అడిగారా? భవనం ఎక్కడిదాకా వచ్చిందో చూడటానికి నేను రోడ్డు దాటక్కర్లేదు. ముందు ఇనుప ఊచలు కట్టేవాళ్లు వస్తారు, బెంగాల్ వైపువాళ్లు, గుట్టలకొద్దీ అన్నం తింటారు. వెనకే స్లాబు పోయడానికి చెక్కలు కొట్టేవాళ్లు. తర్వాత ఇటుకల మేస్త్రీలు. ఆ తర్వాత కరెంటు వైర్లు లాగే పిల్లలు. చిట్టచివర టైల్స్‌వాళ్లు. టైల్స్‌వాళ్లు మా వైపుకి రాజస్థాన్ నుంచి వస్తారు, మధ్యాహ్నం అన్నం ముట్టరు, రొట్టెలే కావాలి. టైల్స్‌వాడు వచ్చాడంటే మార్కెట్ తెరవబోతున్నారని అర్థం. వాళ్ల కోసమని నేను ఎండాకాలంలోనే ముప్పై కిలోల గోధుమపిండి బస్తా తెచ్చి మా గదిలో మూల పెట్టుకున్నాను.

ఇదంతా చెప్తుంటే పిల్ల కళ్లార్పకుండా విని నోట్‌బుక్కులో రాసుకుంది. అప్పటినుంచి రోజూ పొద్దుగూకాక, అంట్లు తోమేటప్పుడు, ఎంతమంది వచ్చారమ్మా అని అడగడం, నేను చెప్పడం. ఊచలవాళ్లు ముప్పై. చెక్కలవాళ్లు ఇరవై. ఊచలవాళ్లు ఇరవై రెండు. చెక్కలవాళ్లు తొమ్మిది.

ఆషాఢం వెళ్లేసరికి ఊచలవాళ్లు ఐదుగురే మిగిలారు. వాన కదా, అందుకే పని ఆపారు, అన్నాను.

"వానలకు పైన పని ఆగుతదమ్మా. లోపలి పని ఆగదు కదా," అంది ప్రవల్లిక. "అసల్ వానకాలంలనే లోపల టైల్స్ వేసుకుంటరు. ఈ దారిల ఏడు మార్కెట్లున్నయి. ఒక్కదాంట్లకన్న టైల్సోళ్లు వచ్చిండ్రా?"

నేను గిన్నెలు గట్టిగా తోమాను.

నా తప్పు ఎక్కడుందో ఇప్పుడు తెలుస్తోంది. నేను నేతవాళ్ల ఇంట్లో పుట్టాను. మగ్గం మీద పడుగు ఎక్కించాక దాన్ని నేయకుండా వదిలేసినవాణ్ని నా బతుకులో చూడలేదు. ఇంట్లో చావు జరిగినా సరే, దినాలయ్యాక వచ్చి ఆ పడుగు దింపాల్సిందే. స్తంభాల మీద ఊచలు నిలువుగా లేచి ఉండటం చూసి, పడుగు ఎక్కింది కదా, ఇక బట్ట దిగుతుందిలే అని ధీమాగా ఉన్నాను. ఊచలు నిలబెట్టి, ఆ ఊచలు చూపించి దుకాణాలు అమ్ముకుని, ఇంకోచోట ఇంకో గుంత తవ్వడానికి పోయేవాళ్లుంటారని నాకు తట్టనే లేదు. మా కులంలో ఎవరికీ తట్టదు.

రెండు రోజుల తర్వాత పిల్ల మళ్లీ అడిగింది. వచ్చే వారం అంచనా ఇచ్చేయాలట. ఈ దారి మూడేళ్లదాకా లేవదని రాయాల్సి వస్తుందేమో అంది. అంబదాస్ ఎదురుగా మంచం మీద కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటున్నాడు. నేను ఆ మోకాలిని చూశాను. పిల్ల దగ్గరికి వంగి, ఆయనకి వినబడకుండా మెల్లగా చెప్పాను.

"టైల్సోళ్లు వచ్చిండ్రు ఇయ్యాల."

"ఎంతమంది?"

"పన్నెండు."

ఆ అంకె ఎందుకు వచ్చిందో తెలియదు. ఆయన సాంచాలు పన్నెండు కదా, అదే నోటికొచ్చినట్టుంది. పిల్ల నా మొహం కేసి ఒక్క క్షణం చూసి, సరేనంది. మర్నాడు మళ్లీ పన్నెండు అన్నాను. ఒకసారి మొదలుపెట్టాక తగ్గించడానికి నోరు రాలేదు. రోజూ పన్నెండు మంది వచ్చారు, తిన్నారు, పోయారు. వాళ్లలో ఒకడికి పచ్చిమిరపకాయ ఇష్టమని కూడా చెప్పాను. సిగ్గులేనిదాన్ని.

అక్కడితో ఊరుకుంటే నేను సుమనని ఎలా అవుతాను? వజ్రక్క దగ్గర కూడా వాగాను. వజ్రమ్మ మా పక్క గదిలో ఉంటుంది, చీరలకి ఫాల్ కుడుతుంది. భర్త లింగం మా ఆయన కార్ఖానాలోనే పని. పిల్ల ఆఫీసువాళ్లు ఈ మార్కెట్ బాగుంటుందని రాస్తున్నారట అని ఆమెతో గొప్పగా చెప్పుకున్నాను. చెప్పి మరిచిపోయాను.

జంధ్యాల పున్నమి రోజు కార్ఖానాకి సెలవు. మగవాళ్లు కొత్త జంధ్యాలు వేసుకుని వచ్చారు. సాయంత్రం వజ్రక్క గిన్నెలో సేమ్యా పట్టుకుని వచ్చింది. అంత సంతోషంగా ఆమెని ఎప్పుడూ చూడలేదు. మా పక్కనే పదిహేనో నంబరు దుకాణం మాట్లాడేశారట. ఫాల్స్, లైనింగులు, జాకెట్టు ముక్కలు పెట్టుకుంటారట. రేపు పొద్దున లింగం కార్ఖానా సేఠ్ దగ్గరికి పోయి పని మానేస్తున్నానని చెప్పి, రావాల్సింది తెచ్చుకుని, నేరుగా జిగ్నేష్‌భాయ్ దగ్గరికే పోతాడట.

"నీ బిడ్డ రాసిందంటే ఇంగ నాకు భయమేంది చెల్లె," అంది. "మనం ఇద్దరం పక్క పక్కకే ఉంటం."

ఆమె వెళ్లాక సేమ్యా గిన్నె మీద మూత పెట్టి పక్కన పెట్టేశాను. నా ఇల్లు నేను ముంచుకుంటే అదొక దారి. లింగం రేపు పని వదిలేస్తే మళ్లీ ఆ వయసులో ఎవరు పెట్టుకుంటారు? ప్రవల్లిక ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. అంచనా మర్నాడే పంపాలి.

వెళ్లి పక్కన కూర్చున్నాను. "ఆ పన్నెండు మంది రాలే బిడ్డా," అన్నాను.

అది ఏమీ ఆశ్చర్యపోలేదు. నోట్‌బుక్కు తీసి నా ముందు పెట్టింది. తారీకులన్నీ రాసి ఉన్నాయి. ఊచలవాళ్లు, చెక్కలవాళ్లు, మేస్త్రీలు. టైల్స్ అన్న గడిలో ఏడు రోజులూ ఖాళీగా ఉంది. తర్వాత మూలనున్న పిండి బస్తా చూపించింది. మిల్లువాళ్లు వేసిన కుట్టు ఎలా ఉన్నది అలాగే ఉంది. ఒక్క పోగు కదల్లేదు. రోజుకి పన్నెండు మందికి రొట్టెలు చేసినదాన్ని, బస్తా కుట్టు కూడా విప్పలేదు నేను. నేతవాళ్ల పిల్లనయ్యుండి, దారం మీద దొరికిపోయాను.

"మరి ఎరుకుండి ఎందుకూకున్నవే?" అన్నాను.

"నువ్వు అబద్ధమాడంగ నేను ఎన్నడు చూడలేదమ్మా. ఎందుకు ఆడుతున్నవో సమజ్ కాలే. నువ్వే చెప్తవని ఆగిన."

అప్పుడు చెప్పాను. పద్నాలుగో నంబరు, షెడ్డు డిపాజిట్, కుర్చీ. నీలిరంగుదని కూడా చెప్పాను. వింటూ వింటూ పిల్ల ల్యాప్‌టాప్ మూసేసింది. బాపు కోసమా అంది. వాన రేకుల మీద పడుతోంది.

"రాయమంటే రాస్తా," అంది చివరికి. "ఒక్క లైను. టైల్స్ పని షురూ అయిందని. నువ్వు చెప్పు."

అది నిజంగానే అంది. నా కోసం రాసేసేది. మొదటిసారి తన పేరు పడే కాగితం మీద రాసేసేది. నాకు ఆ క్షణంలో కలిగిన ప్రేమకి పిల్లని దగ్గరికి తీసుకుని ఏడవాలనిపించింది. ఏడవలేదు. బస్తా వైపు చూస్తూ చెప్పాను.

"వద్దు. లేనోళ్లకు నేను వండలే. నువ్వు రాయకు."

కొంగు తలమీద కప్పుకుని ఆ వానలోనే వజ్రక్క గదికి పోయాను. నేను చెప్పింది అబద్ధమని, పిల్ల ఏమీ రాయలేదని, దుకాణం మీద ఆశతో నేనే కల్పించానని గుమ్మంలో నిలబడే చెప్పాను. ఆమె నా మీద అరిస్తే బాగుండేది. లోపల లింగం అన్నం తింటున్నాడు. ఆమె ఒకసారి అటు చూసి, "తిననియ్యి. తిన్నంక నేను చెప్తా," అని తలుపు దగ్గరగా వేసుకుంది. మర్నాడు లింగం ఎప్పటిలాగే డ్యూటీకి పోయాడు. వజ్రక్క మాత్రం నెలరోజులకి పైగా నాతో మాట్లాడలేదు. ఎంగిలిపూల బతుకమ్మ రోజు పొద్దున్నే సంచీ నిండా బంతిపూలు తెచ్చి నా గడప మీద పోసి, తంగేడు ఎక్కడా దొరకలేదని చెప్పి, అక్కడే కూర్చుని పేర్చడం మొదలుపెట్టింది. నేను వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. మా మధ్య క్షమాపణలు ఏమీ జరగలేదు.

జిగ్నేష్‌భాయ్‌కి చెప్పడం పెద్ద పని కాలేదు. అసలు పని అంబదాస్‌కి చెప్పడం. పున్నమి మర్నాడు పొద్దున చాయ్ గ్లాసు చేతికిచ్చి, దుకాణం లేదయ్యా అన్నాను. ఎందుకో చెప్పబోతుంటే చెయ్యి ఎత్తి ఆపాడు.

"ఎర్కే. పన్నెండు మంది టైల్సోళ్లు," అన్నాడు. "నువ్వు చెప్పంగ సూసిన."

చూశాడట. వినలేదు, చూశాడు. సాంచాల మధ్య ఎవరు మాత్రం చెవులతో మాట్లాడుకుంటారు? ముప్పై ఏళ్లుగా ఆయన మనుషుల పెదాలు చూసే అన్నీ తెలుసుకుంటున్నాడు. నేనేమో గొంతు తగ్గించాను గాని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఇన్నేళ్లు కాపురం చేసి, అంత మాత్రం గుర్తు లేకపోయింది.

"మరి నన్ను ఆపద్దా?" అన్నాను కోపంగా. ఆ కోపం ఎవరి మీదో నాకే తెలియదు.

ఆయన చాయ్ తాగడం పూర్తిచేసి గ్లాసు కింద పెట్టాడు. చెవిటివాళ్లు గట్టిగా మాట్లాడతారు. ఆయన మాత్రం ఆ మాట మెల్లగా అన్నాడు.

"ఏడు దినాలు నా కోసం అబద్ధమాడినవ్ సుమనా. తప్పే గని... మస్తు మంచిగుండె నాకు."

నేను లేచి పొయ్యి దగ్గరికి పోయాను. పొగ లేని గ్యాస్ పొయ్యి. కళ్లు తుడుచుకోవడానికి ఏ సాకూ లేకపోయింది.

పిల్ల అంచనా పంపింది. ఆఫీసులో కొందరు మొదట నమ్మలేదట, ఇంత కట్టుబడి కనిపిస్తుంటే మార్కెట్ లేవదంటావేంటి అన్నారట. అది నోట్‌బుక్కు చూపించిందట. తర్వాత ఒకరోజు కొత్త కబురు తెచ్చింది. ఇక నుంచి ఈ దారిలో ప్రతి సైటునీ రోజూ చూసి రాసే మనిషి కావాలట, జీతమిస్తారట, దారులు తెలిసినవాడైతే మంచిదట. చెప్పి, నెమ్మదిగా తండ్రి వైపు తిరిగి, ఆయనకి కనబడేలా పెదాలు విడివిడిగా కదుపుతూ అడిగింది. సాంచాల దగ్గరకన్నా జీతం కొంచెం తక్కువేనని కూడా చెప్పింది. ఆయన నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూడకుండా, మోకాళ్లకి నడక మంచిదే అన్నాను.

దసరా వెళ్లిన సోమవారం, సాంచాలు వదిలి, ఆ పనికి మొదటిసారి పోయాడు. అటు చివరిదాకా షేర్ ఆటోలో పోయి, ఒక్కో సైటు దగ్గర దిగి చూసుకుంటూ మధ్యాహ్నానికి మెస్సుకి వచ్చాడు. బల్ల మీద కూర్చుని నోట్‌బుక్కు తెరిచి నాకు చదివి వినిపించాడు. ఫలానాచోట ఇసుక కుప్ప మీద గడ్డి మొలిచిందట, అంటే పని ఆగి రెండు నెలలట. ఫలానాచోట పరంజా కర్రలకి కట్టిన తాళ్లు కుళ్లాయట. ఇంకోచోట మాత్రం మూడో అంతస్తు కిటికీలో కొత్త వైరు వేలాడుతోందట. పన్నెండు సాంచాల్లో తెగిన ఒక్క పోగుని పట్టుకునే కళ్లు కదా, వాటికి ఏదీ దాగదు. మొహంలో ఎన్నడూ లేని వెలుగు. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"మరి మన ఎదురుగున్నది?" అన్నాను, ఆయన వైపు తిరిగి.

ఆయన పేజీ తిప్పి, వేలు పెట్టి, బహు గంభీరంగా చదివాడు.

"టైల్సోళ్లు. పన్నెండు మంది."

నిజమా అని రోడ్డు వైపు రెండడుగులు వేశాను. అవతల స్తంభాల మీద ఊచలు తుప్పు పట్టి నిలబడి ఉన్నాయి, మనిషి జాడ లేదు. వెనక్కి తిరిగేసరికి ఆయన మీసం కదులుతోంది. గరిటెతో భుజం మీద ఒక్కటిచ్చాను. ఆయన నవ్వాడు. తన నవ్వు ఎంత పెద్దగా ఉందో ఆయనకి తెలియదు, తింటున్నవాళ్లంతా తలెత్తి చూశారు. పిల్లాడిలా, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు.

ఆ రోజే పిండి బస్తా మూలనుంచి లాగి, కుట్టు కొస పట్టుకుని గుంజాను. ఒక్క గుంజుకే దారమంతా జరజరా ఊడి వచ్చింది. పిల్ల సాయంత్రం ఇంటికొచ్చేసరికి రొట్టెలు వేడిగా ఉన్నాయి. ముగ్గురం కూర్చుని తిన్నాం. అంబదాస్ నాలుగు తిన్నాడు, పచ్చిమిరపకాయ కూడా అడిగి వేయించుకున్నాడు.